ఏటి ఒడ్డు బొమ్మమేడి

హాస్టల్ వెనుక వాగు దాటి అవతలి ఊళ్ళోకి టీ తాగడానికి వెళ్ళేవాళ్ళు రోజూ ఆ చెట్ల కిందినుంచే వెళతారు. అడిగి చూడండి, ఒక్కరికీ గుర్తుండవు. చెట్లు అన్నానే గాని, నిజానికి అవి చెట్టుకూ పొదకూ మధ్య రకం. రెండు మనిషి ఎత్తులు దాటినవి మన వాగు మీద తక్కువ. మొదట్లోనే నాలుగైదు కాండాలుగా చీలి, సగం నీటి మీదికి వంగి ఉంటాయి. ఆకులు వెడల్పుగా, రెండేసి ఎదురెదురుగా పుడతాయి. ఒక ఆకును వేళ్ళ మధ్య రుద్దండి, గరుకు కాగితంలా ఉంటుంది. చిదిపితే పాలు కారుతాయి. ఇక కాయలు: కొమ్మల చివర కాకుండా కాండం మీదనుంచే, ఆకుల్లేని పుల్లల్లాంటి రెమ్మలకు గుత్తులు గుత్తులుగా వేలాడుతూ, ఒక్కోసారి నేలను తాకుతూ కూడా ఉంటాయి. ఇదే బొమ్మమేడి. శాస్త్రీయ నామం ఫైకస్ హిస్పిడా. హిస్పిడా అంటే లాటిన్‌లో బిరుసు వెంట్రుకలు కలది అని. 1782లో చిన్న లిన్నేయస్, అంటే పెద్ద లిన్నేయస్‌గారి కుమారుడు, పెట్టిన పేరు.

మన పేరులోని బొమ్మకూ ఆటబొమ్మకూ ఏ సంబంధమూ లేదు. బ్రహ్మ శబ్దానికి తద్భవం బొమ్మ. బ్రహ్మజెముడును బొమ్మజెముడు అన్నట్టే ఇదీను. కొందరు బ్రహ్మమేడి అనే అంటారు. సంస్కృతంలో మాత్రం దీని పరువు బ్రహ్మ దగ్గరినుంచి కాకి దగ్గరికి దిగిపోయింది: కాకోదుంబరిక, కాకి మేడి. బెంగాలీలు కూడా కాక్ డుమురు అనే పిలుస్తారు. ఉదుంబరం, అంటే అసలు మేడి, యజ్ఞాలకు పనికొచ్చే పవిత్ర వృక్షం, దత్తాత్రేయుడి నివాసం. దాని చిన్న చెల్లెలు కాకులపాలయింది.

ఈ అక్కాచెల్లెళ్ళకు మన ప్రాంతంతో ఒక చరిత్ర ఉంది. 1780లలో సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలో ఉన్న విలియం రాక్స్‌బరో అనే డాక్టరు చుట్టుపక్కల మొక్కలన్నిటికీ స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించి, వర్ణనలు వ్రాశాడు. 1795 నుంచి లండన్‌లో ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అన్న పేరుతో పెద్ద పెద్ద సంపుటాలుగా అవి వెలువడ్డాయి. అందులో మేడి, బొమ్మమేడి ఒకదాని వెనుక ఒకటిగా ఉన్నాయి. మేడికి గుత్తుల అత్తి అని అర్థం వచ్చే పేరూ, బొమ్మమేడికి ఎదురాకుల అత్తి అని అర్థం వచ్చే పేరూ పెట్టాడు. రెండింటికీ అప్పటికే వేరే పేర్లు ఉండడం వల్ల ఆయన పేర్లు నిలవలేదు. అయినా అత్తి జాతిలో ఎదురెదురు ఆకులు అరుదు. చెట్టును చూడగానే కంటికి తగిలేది అదే. ఆ విషయంలో రాక్స్‌బరో చూపు సూటిగా పడింది.

సరే, ఇంత వంశచరిత్ర ఎందుకంటారా? ఈ వేసవిలో వాగు ఒడ్డు బాగుచేసి, రాళ్ళు పరిచి, కూర్చోవడానికి అరుగులు కట్టాలని అనుకుంటున్నారు. మంచి ఆలోచనే, నేను చందా కూడా ఇచ్చాను. అయితే తీసివేయవలసిన చెట్ల జాబితా ఒకటి నోటీసు బోర్డు మీద చూశాను. అందులో ‘పురుగుల మేడి, 3’ అని ఉంది. వాగు మీద ఉన్న బొమ్మమేళ్ళు ఏడు. నాలుగింటిని ఉంచి మూడింటినే ఎందుకు వ్రాశారో జాబితా వ్రాసిన కుర్రవాణ్ణి అడిగాను. “ఆ నాలుగింటి పళ్ళు బాగుంటాయి సార్, పిల్లలు తింటారు. ఈ మూడింటివీ ఎప్పుడు విప్పినా పురుగులే, పైగా బెండులా ఉంటాయి” అన్నాడు. ఆ అబ్బాయి పరిశీలన అక్షరాలా నిజం. అతను ఏ పుస్తకమూ చదవకుండానే నాలుగు ఆడ చెట్లనూ మూడు మగ చెట్లనూ విడదీశాడు. అయితే ఆ మూడూ పోతే ఆ నాలుగూ ఏమవుతాయన్నదే ఇప్పుడు ప్రశ్న.

మేడి పువ్వును చూసినవాడు లేడని పెద్దలంటారు. మన పూర్వులు మొక్కలను విభజించేటప్పుడు పువ్వు లేకుండానే కాయ కాసేవాటిని వనస్పతులు అన్నారు. అమరకోశంలో ఆ మాట ఉంది. మేడి, రావి, మర్రి అన్నీ ఆ కోవలోకే వస్తాయి. బెంగాలులో చాలాకాలంగా కనపడకుండా పోయిన స్నేహితుణ్ణి ‘డుమురు పువ్వువైపోయావు’ అని దెప్పుతారట. మరి పువ్వు లేదా? ఉంది. ఒకటి కాదు, వందలు, వేలు. మనం కాయ అనుకుంటున్నదే పూలగుత్తి. ఒక పొద్దుతిరుగుడు పువ్వును ఊహించుకోండి. పళ్ళెంలాంటి దాని మీద చిన్న చిన్న పూలు కిక్కిరిసి ఉంటాయి కదా. ఆ పళ్ళెం అంచులు పైకి లేచి, దగ్గరకు ముడుచుకుని, సంచిమూతిలా బిగుసుకుంటే పూలన్నీ లోపల పడిపోతాయి. అదే మేడికాయ. ఇంటర్మీడియట్‌లో మనమందరం హైపాంథోడియం అని బట్టీపట్టి, బొమ్మ వేసి, మార్కులు తెచ్చుకుని, మరిచిపోయినది ఇదే.

సంచిమూతి దగ్గర చిన్న పొలుసులు ఒకదాని మీద ఒకటి కప్పుకుని తలుపులా ఉంటాయి. తేనెటీగ దూరదు, సీతాకోకచిలుక దూరదు, గాలి కూడా పుప్పొడిని చేర్చలేదు. ఆ తలుపు తెలిసినది ఒక్కటే ప్రాణి. కందిరీగల వర్గానికి చెందినదే గాని, పొడవు రెండు మిల్లీమీటర్లు ఉంటే గొప్ప. చూస్తే దోమపిల్ల అనుకుంటాం. సెరాటోసోలెన్ సోల్మ్సి దాని పేరు. మనం మేడి ఈగ అందాం. ప్రపంచంలో 750కి పైగా అత్తి జాతులున్నాయి. ఒక్కో జాతికీ సాధారణంగా దాని ఈగ దానికే ఉంటుంది. అసలు మేడికి వేరే ఈగ, మర్రికి వేరే, రావికి వేరే. ఈ వియ్యం సుమారు ఏడున్నర కోట్ల సంవత్సరాల నాటిదని అంచనా.

ఇప్పుడు మగ చెట్టు కాయను చూద్దాం. దానిలో మూతి దగ్గర కేసరాలున్న మగ పూలుంటాయి. మిగతా గది అంతా ఆడ పూలే, కాని వాటి కీలం పొట్టిగా ఉంటుంది. ఆడ ఈగ వాసన పట్టుకుని వచ్చి, పొలుసుల మధ్యనుంచి తల దూర్చి, ఇరుక్కుంటూ లోపలికి పోతుంది. ఆ దూరడంలో రెక్కలు ఊడిపోతాయి, మీసాలు తెగిపోతాయి. ఇక బయటికి రావడమన్నది లేదు. లోపల చీకట్లో పూల మీద నడుస్తూ, పొట్టి కీలంలోంచి తన గొట్టం దింపి ఒక్కో పువ్వు అండాశయంలో ఒక్కో గుడ్డు పెట్టి, అక్కడే చనిపోతుంది. గుడ్డు పడిన పువ్వు గింజ కాదు, ఒక ఉయ్యాల అవుతుంది. పిల్ల పురుగు దాన్ని తింటూ పెరుగుతుంది. సుమారు నెల రోజులు, చలికాలమైతే ఇంకా ఎక్కువే పడుతుంది. ముందు మగ ఈగలు బయటపడతాయి. వాటికి రెక్కలుండవు, కళ్ళు ఉన్నా లేనట్టే. అవి తమ ఉయ్యాలలు కొరుక్కుని వచ్చి, ఇంకా పుట్టని ఆడ ఈగల ఉయ్యాలలకు కన్నం పెట్టి కలుస్తాయి. తర్వాత అందరూ కలిసి కాయ గోడకు సొరంగం తవ్వుతారు. తవ్వి, వెలుగు కనపడగానే చచ్చిపోతారు. లోకంలోకి వచ్చి చూడని జన్మ అది.

అప్పటికి సరిగ్గా మగ పూలు విచ్చుకుని ఉంటాయి. ఆడ ఈగలు బయటికి పోయేముందు కేసరాల దగ్గర ఆగి పుప్పొడిని సేకరిస్తాయి. పొరపాటున ఒంటికి అంటుకోవడం కాదు. వాటి రొమ్ము భాగంలో పుప్పొడి కోసమే జేబులున్నాయి, వాటిలో కూరుకుంటాయి. అత్తి ఈగలకు ఈ జేబులున్నట్టు 1969 దాకా శాస్త్రజ్ఞులకు తెలియదు. జేబులు నింపుకుని సొరంగంలోంచి ఎగిరిపోతాయి. ఇక వాటి ఆయుష్షు ఒకటి, రెండు రోజులు. ఆ లోపు తలుపు తీసి ఉన్న మరో కాయ దొరకాలి.

దొరికిన కాయ ఆడ చెట్టుదైతే? ఇక్కడే ఉంది కథంతా. ఆడ చెట్టు కాయలో మగ పూలు లేవు. ఆడ పూలున్నాయి, కాని వాటి కీలం పొడుగు. ఈగ లోపలికి దూరుతుంది, రెక్కలు పోతాయి, జేబుల్లోంచి పుప్పొడి తీసి కీలాగ్రాల మీద చల్లుతుంది, గొట్టం దింపుతుంది. అది అండాశయం దాకా అందదు. ఇంకో పువ్వు, ఇంకో పువ్వు, ఎక్కడా అందదు. ఒక్క గుడ్డూ పెట్టకుండానే చనిపోతుంది. ఆ చల్లిన పుప్పొడితో పూలన్నీ గింజలు కడతాయి, కాయ పసుపు పచ్చగా, మెత్తగా, తియ్యగా పండుతుంది. రెండు చెట్ల కాయల వాసనా ఈగకు ఒక్కలాగే ఉంటుంది, లోపలికి పోయేదాకా తేడా తెలియదు. తెలిస్తే ఏ ఈగా ఆడ చెట్టు గడప తొక్కదు, ఆ చెట్టుకు ఒక్క గింజా ఉండదు. దీన్ని మోసం అనాలా, ఒప్పందం అనాలా అని నేను ఫైనల్ ఇయర్ క్లాసులో అడుగుతుంటాను. ఎకనామిక్స్ వాళ్ళయితే దీన్ని పన్ను అంటారేమో.

అంటే పిల్లలు తినే నాలుగు చెట్ల పళ్ళూ తయారయ్యేది పురుగుల చెట్ల పుణ్యాన. ఆ మూడు చెట్లూ ఈగల పురిటిల్లు, పుప్పొడి గిడ్డంగీ కూడాను. పుప్పొడి చేరని ఆడ కాయలను చెట్టు పెంచదు, చిన్నప్పుడే రాల్చేస్తుంది.

మేడిపండు లోపలి పురుగులను పిరికివాడి మనసుతో పోల్చి వేమన చేసిన నింద తెలుగువాడికి పలక పట్టిన రోజునుంచీ తెలుసు. అసలు మేడి విషయంలో ఆయన చెప్పింది సరైనదే. అక్కడ ఆడ మగ చెట్లు వేరు లేవు. పొట్టి కీలాలూ పొడుగు కీలాలూ ఒకే కాయలో ఉంటాయి కనుక గింజలూ పురుగులూ కలిసే ఉంటాయి. ఆయన బొమ్మమేడిని విప్పి చూసి ఉంటే, పద్యం ఏ చెట్టు కింద కూర్చున్నాడన్నదాన్ని బట్టి మారేది.

ఇది మన వాగుకు పరిమితమైన సంగతి అనుకోకండి. ఎండిన అంజూరం మనమందరం తింటాం. ఆ అంజూరం కూడా ఈ కుటుంబానిదే, అక్కడా ఆడ మగ చెట్లు వేరు. మగ చెట్టు కాయల్ని తెచ్చి ఆడ చెట్టుకు వేలాడదీసే ఆచారం గ్రీకుల కాలంనుంచీ ఉంది. అరిస్టాటిల్ ఆ కాయల్లోంచి వచ్చే ఈగల గురించి వ్రాశాడు. 1880లలో కాలిఫోర్నియా తోటమాలులు పేరుపొందిన స్మిర్నా అంజూరాన్ని టర్కీనుంచి తెప్పించి నాటారు. చెట్లు ఏపుగా పెరిగాయి, కాయలు మాత్రం గోళీలంత ఉండగానే రాలిపోయాయి. ఏళ్ళ తరబడి అంతే. చివరికి 1899లో వాల్టర్ స్వింగిల్ అనే వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞుడు అల్జీరియానుంచి ఈగలున్న మగ కాయలను పంపగా, ఫ్రెస్నో దగ్గర రోడింగ్ అనే ఆయన తోటలో ఈగలు నిలదొక్కుకున్నాయి. అప్పటినుంచి పండ్లు నిలిచాయి. మన పుణే అంజూరం వంటి రకాలకు ఈగ అక్కరలేదు, పుప్పొడి లేకుండానే పండుతాయి. బొమ్మమేడికి ఆ సౌకర్యం లేదు.

‘మగ చెట్లు ఇక్కడ పోతే పోనీండి, పైన కొండల్లో బోలెడున్నాయి, ఈగలు ఎగిరి రావా?’ అని ఒక సహోద్యోగి అడిగారు. న్యాయమైన ప్రశ్న. మర్రి వంటి మహావృక్షాల ఈగలు అడవి పైకప్పు దాటి ఎగిరి, గాలివాటున చాలా దూరం పోతాయి. పొదల్లో, నీడల్లో ఉండే ఇలాంటి జాతుల ఈగలు కిందుగానే ఎగురుతాయి. వాటికి ఇరుగుపొరుగే దిక్కు. బోర్నియో దీవిలో లంబీర్ హిల్స్ అనే నేషనల్ పార్కు ఉంది. 1998 మొదట్లో అక్కడ పెద్ద కరువు వచ్చి, ఆడ మగ వేరువేరుగా ఉండే అత్తి జాతులు కొంతకాలం కొత్త కాయలు పెట్టడం మానేశాయి. చెట్లు చావలేదు. ఈగలకు మాత్రం దిగడానికి చోటు లేకపోయింది. రెండు రోజుల ఆయుష్షు కలవాడికి నెలల విరామమంటే ఎంత! ఆ జాతుల ఈగలు అక్కడ అంతరించిపోయాయని 2000లో రెట్ హారిసన్ అనే శాస్త్రజ్ఞుడు ప్రచురించాడు. అది అడవి. మనది రెండు ఫర్లాంగుల వాగు ఒడ్డు. ఒక చెట్టులోని కాయలన్నీ ఇంచుమించు ఒకేసారి పక్వానికి వస్తాయి. చెట్టుకూ చెట్టుకూ కాలం వేరు. ఒక మగ చెట్టు ఈగల్ని వదిలే రోజున ఇంకో మగ చెట్టు తలుపు తీసి ఉంటేనే సంతతి సాగుతుంది. అందుకే మూడింట్లో ఒక్కటి ఉంచుతామన్న రాజీకి కూడా నేను ఒప్పుకోవడం లేదు. మూడే తక్కువ.

తినే సంగతి చెప్పకపోతే హాస్టల్ మిత్రులు నన్ను క్షమించరు. పండిన ఆడ కాయ రుచి గొప్పదని అబద్ధం చెప్పను; చప్పిడి తీపి, నోటినిండా గింజలు. పచ్చి కాయలను బెంగాలులో కూరగా వండుతారు. తరిగి, లోపలి గుజ్జూ గింజలూ తీసేసి, ఉడికించి, బంగాళాదుంపతోనో చిన్న రొయ్యలతోనో చేస్తారు. పాలు కారే పచ్చికాయను ఊరికే కొరికితే మాత్రం వాంతులు తప్పవు. ఆయుర్వేదంలో బొల్లికి దీన్ని వాడతారన్న మాట నిజమే, కాని వైద్యుడు చూడకుండా బెరడు గీసుకుపోయే ప్రయోగాలు వద్దు. ఆకు మేకలకు ఇష్టం. ఆకుల గరుకుతనం విషయంలో ఆస్ట్రేలియా తూర్పు తీరాన వాగుల ఒడ్డున దీని బంధువు ఒకటుంది, శాండ్‌పేపర్ ఫిగ్ అంటారు. అక్కడి ఆదివాసులు దాని పండు తిని, ఆకులతో కర్ర పనిముట్లు నునుపు చేసేవారు. మన మేడి ఆకుతో నేను ఒక స్కేలు రుద్ది చూశాను. పని జరుగుతుంది, కాస్త ఓపిక కావాలి.

మనకంటే ఎక్కువగా ఈ పళ్ళమీద ఆధారపడేది గబ్బిలాలు. పొట్టి ముక్కు గబ్బిలం రాత్రి వచ్చి పండును నోట కరుచుకుని, చెట్టు మీదే కూర్చోకుండా దూరంగా ఎక్కడో వేలాడుతూ తిని, పిప్పి ఉమ్మేస్తుంది. బి బ్లాకు వరండా గోడల మీది మరకలు దాని పనే; వార్డెన్‌గారు విద్యార్థులను అనుమానించారు. గింజలు దాని కడుపులోంచి పోయి, తడి ఉన్నచోట మొలుస్తాయి. వాగు మలుపు దగ్గర గత వానాకాలం ఒడ్డు కోసుకుపోయినప్పుడు బొమ్మమేళ్ళున్న భాగం నిలిచింది, ఖాళీగా ఉన్న భాగం జారింది. రాళ్ళు పరిచేవాళ్ళు ఆ తేడా ఒకసారి వచ్చి చూడాలి. ఇక వాల్టా అని పిలుచుకునే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి తీసుకోవాలన్న సంగతి లా విద్యార్థులు నాకంటే బాగా చెప్పగలరు.

అరుగులు కట్టడానికి చోటు కావాలంటే వంతెనకు ఎగువన, తుమ్మలు మొలిచిన మేరలో ఉంది. నీడ తక్కువ, అది నిజం. సాయంత్రం అయిదు తర్వాత ఆ ఇబ్బంది ఉండదు.

ఏడు చెట్లకూ ఈ నెలలో నంబర్లు వేశాను. మగవాటికి తెల్ల గీత, ఆడవాటికి పసుపు గీత. నమ్మనివారు తెల్ల గీత చెట్టునుంచి ఒక ముదురు కాయను, ఇంకా రాలనిదాన్ని, ఉదయం పూట కోసి చూడవచ్చు. పైన సూదిలాంటి పొడుగు తోకలతో తిరిగే ఈగలు కనిపిస్తే అవి మన మేడి ఈగలు కావు. బయటినుంచే గోడకు గొట్టం గుచ్చి గుడ్లు పెట్టే దొంగలు, పుప్పొడి మోయవు. లోపల నల్లగా, రెక్కలతో ఉన్నవి అసలు ఆడ ఈగలు. లేత పసుపు రంగులో పాకేవి మగవి. చేతి లెన్సు బోటనీ లేబొరేటరీలో నా దగ్గర తీసుకోవచ్చు. బ్లేడు మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి. పాలు బట్టలకు అంటితే మరక పోదు, పాత చొక్కాలతో రండి.